158 రేసులు, ఒక్క గెలుపూ లేదు

"ఇంతకీ ఈయన ఎన్ని గెలిచాడు బావా?"

ఆదివారం సాయంత్రం ఆరున్నర. మా హాల్లో టీవీ ముందు నేనూ మా బావమరిదీ, మధ్యలో ఒక పళ్ళెం మిరపకాయ బజ్జీలు. యూరప్‌లో జరిగే ఫార్ములా వన్ రేసులు మనకి సరిగ్గా బజ్జీల వేళకే మొదలవుతాయి, అదొక అదృష్టం. యాప్‌లో బ్రిటిష్ చానల్ స్కై స్పోర్ట్స్ కామెంటరీ పెట్టుకున్నాం. తెరమీద కార్లన్నీ గ్రిడ్‌లో, అంటే రేసు మొదలయ్యే చోట, వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్యలోంచి మైకు పట్టుకుని ఒక పెద్దాయన నడుస్తున్నాడు. అరవై దాటిన మనిషి. ఒక ఇంజనీరుని ఆపి టైర్ల గురించి అడిగాడు, ఆ జవాబు పూర్తవుతుండగానే పక్కనే పోతున్న డ్రైవర్ని పట్టుకున్నాడు, అతను చెప్పింది నచ్చనట్టు మొహం పెట్టి ముందుకి సాగిపోయాడు.

"మార్టిన్ బ్రండల్. ఒక్కటీ గెలవలేదు," అన్నాను.

"ఒక్కటీ?"

"158 రేసులు. సున్నా."

బావమరిది బజ్జీ కొరుకుతూ నవ్వాడు. "మరి వాళ్ళకీ వీళ్ళకీ అంత ధీమాగా వంకలు పెడుతున్నాడేంటి? చెప్పేవి శ్రీరంగనీతులని..."

సామెత మొత్తం పూర్తి చేయలేదు, ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి. నాకు ఆ పూట సరైన జవాబు తట్టలేదు. "అలా కాదురా" అని మొదలుపెట్టి ఎక్కడికో పోయాను, ఈలోపు రేసు మొదలైపోయింది. ఓడిపోయిన వాదనలు నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వవు. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఈ ప్రశ్న మనకి కొత్తదేం కాదు. గుంటూరు మనిషి ఎమ్మెస్కే ప్రసాద్ క్రికెట్ సెలెక్షన్ కమిటీ ఛైర్మన్‌గా ఉన్నన్నాళ్ళూ జనం ఆయన మీద విసిరిన రాయి ఇదే. ఆడింది 6 టెస్టులు, 17 వన్డేలు, ధోనీ ఉండాలో పోవాలో తేల్చడానికి నువ్వెవరు అని. తర్వాత ఆయన తెలుగు కామెంటరీకి వచ్చినా ఆ లెక్క ఆయన్ని వదల్లేదు. గెలిచినవాడికే నోరు విప్పే హక్కుందని మనం గట్టిగా నమ్ముతాం. టీవీ వాళ్ళకీ అదే నమ్మకం. కప్పు ఎత్తినవాడు రిటైర్ అవగానే మరుసటి సీజన్‌కి కామెంటరీ బాక్సులో కుర్చీ సిద్ధంగా ఉంటుంది. అక్కడ కూర్చుని "ఆత్మవిశ్వాసం ముఖ్యం", "ఒత్తిడి తట్టుకోవాలి" అని చెప్తుంటే మనం తల ఊపుతూ ఉంటాం.

బ్రండల్ గొంతు నేను మొదటిసారి విన్నది 2009లో, ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో. ఎమ్మెస్ చదువు, మూడు గదుల ఇంట్లో ఆరుగురం తెలుగువాళ్ళం. ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసిపోయిన పాత టీవీ ఒకటి ఉండేది. అక్కడ టీవీ చూడాలంటే లైసెన్సు కట్టాలి, ఆ ఏడాది 142 పౌండ్ల 50 పెన్సులు. ఆరుగురికి పంచితే తలా 23 పౌండ్ల 75. రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులవి, మా ఇంట్లో దాని మీద పెద్ద పంచాయితీ నడిచింది. "నేను టీవీయే చూడను, నాకెందుకు" అని భీష్మించుకున్న ఒకతను చివరికి ఇచ్చాడు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ రేసులు చూసింది అతనే.

ఫార్ములా వన్ అప్పుడే పన్నెండేళ్ళ తర్వాత ఐటీవీ చానల్ నుంచి బీబీసీకి తిరిగొచ్చింది. మధ్యలో ప్రకటనల గోల లేదు. క్లాసులో ప్రొఫెసర్ల ఇంగ్లీషు మాకు సగమే అర్థమయ్యేది, వాళ్ళ యాస అలాంటిది. బ్రండల్ చెప్పేది మాత్రం మొత్తం అర్థమయ్యేది. చిన్న చిన్న వాక్యాలు. తెరమీద అందరికీ కనిపిస్తున్నది మళ్ళీ చెప్పడు. ఫలానా కారు వెనక టైర్లు అయిపోయాయి అనేవాడు. మాకేమీ తేడా తెలిసేది కాదు, కారు బాణంలా పోతూనే ఉండేది. రెండు మూడు లాప్‌లు, అంటే చుట్లు, తిరిగాక అది టైర్లు మార్చుకునే పిట్‌లోకి వచ్చేది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. కొన్నాళ్ళకి ఆయన చూపు ఎక్కడుంటుందో మాకు దొరికింది. కారు మీద కాదు, డ్రైవర్ చేతుల మీద. మలుపు మధ్యలో స్టీరింగ్‌ని చిటికెడు వెనక్కి తిప్పుకుంటున్నాడంటే వెనక చక్రాలు జారుతున్నాయన్నమాట. అది ఒకసారి పట్టుబడ్డాక ఇక రేసు మామూలుగా చూడటం నావల్ల కాలేదు.

ఆ కన్ను ఆయనకి ఎలా వచ్చిందో తెలియాలంటే ఆయన ఓటములన్నీ వరసగా చూడాలి. ఊరికే వచ్చిన ఓటములు కావవి, బహు ఖరీదైనవి.

ఊరు ఇంగ్లండ్ తూర్పున నార్ఫోక్‌లోని కింగ్స్ లిన్. 1959లో పుట్టాడు. ఇంట్లో కార్ల వ్యాపారం. పన్నెండేళ్ళకే గడ్డి మైదానాల్లో వేసే ట్రాకుల మీద రేసులు మొదలుపెట్టాడు. 1983లో ఫార్ములా వన్‌కి కింది స్థాయి పోటీ అయిన బ్రిటిష్ ఫార్ములా 3 చాంపియన్‌షిప్‌లో ఎడ్డీ జోర్డన్ జట్టు తరఫున దిగాడు. మామూలు సంవత్సరమైతే ఆ పోటీ ఆయన గెలిచేవాడే. కానీ ఆ ఏడాదే బ్రెజిల్ కుర్రాడు ఒకడు అదే పోటీలో ఉన్నాడు. పేరు అయర్టన్ సెన్నా. మొదటి తొమ్మిది రేసులూ వరసగా సెన్నాయే గెలిచాడు. తొమ్మిదికి తొమ్మిది.

అక్కడ ఎవరైనా చేతులెత్తేస్తారు. బ్రండల్ ఎత్తలేదు. ఆ తర్వాత గెలుస్తూ వచ్చాడు, సెన్నా తప్పులు చేయడం మొదలుపెట్టాడు. ఔల్టన్ పార్క్‌లో దాటబోయి ఏకంగా బ్రండల్ కారు మీదికే ఎక్కేశాడు. చాంపియన్‌షిప్ ఆఖరి రేసు దాకా, థ్రక్స్‌టన్ దాకా సాగింది. ఆ రోజు సెన్నా చేసిన పని నాకెంతో ఇష్టమైన కథ. ఇంజన్ ఆయిల్ త్వరగా వేడెక్కితే మొదటి లాప్‌లలోనే పూర్తి బలం వస్తుందని ఆయిల్ కూలర్‌కి గాలి తగలకుండా టేపు అంటించాడు. అది అలాగే ఉంటే ఇంజన్ కాలిపోతుంది. అందుకని రేసు నడుస్తుండగానే సీటు బెల్టు వదులు చేసుకుని, చెయ్యి బయటికి చాపి టేపు పీకేశాడు. గెలిచాడు. చాంపియన్‌షిప్ లెక్క 132కి 123. తొమ్మిది పాయింట్ల తేడాతో బ్రండల్ రెండోవాడు.

మరుసటి ఏడాది ఇద్దరూ ఫార్ములా వన్‌కి వచ్చారు. టిరెల్ జట్టులో బ్రండల్ మొదటి రేసులోనే, బ్రెజిల్‌లో ఐదో స్థానం. డెట్రాయిట్‌లో రెండో స్థానం, గెలిచిన నెల్సన్ పికే కారు తోక కనిపించేంత దూరంలో. ఇరవై అయిదేళ్ళ కుర్రాడికి ఇంకేం కావాలి? తర్వాతి రేసు డల్లస్. రేసు మొదలుకాకముందే గోడని గుద్దాడు, పాదాలూ చీలమండలూ విరిగాయి. ఆయన ఆసుపత్రిలో ఉండగా ఇంకో దెబ్బ పడింది. టిరెల్ వాళ్ళు నీళ్ళ ట్యాంకులో సీసపు గుళ్ళు కలిపి కారు బరువు మాయ చేశారని తేల్చి, ఆ సీజన్‌లో ఆ జట్టు ఫలితాలన్నీ కొట్టేశారు. ఆ ఐదో స్థానం లేదు, ఆ రెండో స్థానమూ లేదు. ఈరోజుకీ రికార్డుల్లో వెతకండి, డెట్రాయిట్ 1984 రెండో స్థానం ఎదురుగా ఆయన పేరుండదు.

ఆ పాదాల సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోండి. రేసు కారులో రెండు కాళ్ళకీ పని పెట్టే పద్ధతి ఒకటుంది. కుడికాలు యాక్సిలరేటర్ మీద, ఎడమకాలు బ్రేక్ మీద. డల్లస్ దెబ్బ వల్ల ఎడమకాలితో బ్రేక్ వేయడం బ్రండల్‌కి కుదిరేది కాదు. సరిగ్గా ఆ విద్యలో ఆరితేరినవాడు 1992లో ఆయనకి జట్టులో జోడీగా వచ్చాడు. మైకేల్ షూమాకర్.

మధ్యలో ఒక మంచి కాలం ఉంది, చెప్పకపోతే అన్యాయం. 1988లో ఫార్ములా వన్ పక్కనబెట్టి జాగ్వార్‌తో స్పోర్ట్స్ కార్లు నడిపాడు. డేటోనా 24 గంటల రేసు గెలిచిన జట్టులో ఉన్నాడు, ఆ ఏడాది ప్రపంచ స్పోర్ట్స్ కార్ చాంపియన్ కూడా అయ్యాడు. 1990లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచాడు. అక్కడా ఒక తమాషా. ఆయన మొదలుపెట్టిన కారు చెడిపోతే, అదే జట్టులోని ఇంకో కారులోకి మార్చారు. ఆ కారు నడపడానికి హెల్మెట్‌తో సిద్ధమైన ఎలిసియో సలాజార్ అనే చిలీ డ్రైవర్ అలా చూస్తూ ఉండిపోయాడు. గెలుపు కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఉన్న మనిషికి చివరికి దొరికిన పెద్ద గెలుపు ఇంకొకరి కుర్చీలో దొరికింది. అందుకే నేను "ఒక్కటీ గెలవలేదు" అనడం నిజానికి తప్పు. ఫార్ములా వన్‌లో గెలవలేదు, అంతే. ఆ తేడా ఆ రోజు బజ్జీల దగ్గర నేనే సరిగ్గా చెప్పలేకపోయాను.

1992కి వస్తే, బెనెటన్ జట్టు. పదహారు రేసులు, గ్రిడ్‌లో ఎవరు ముందో తేల్చే క్వాలిఫయింగ్‌లో పదహారు సార్లూ షూమాకరే ముందు. వినడానికి పరువు తక్కువగా ఉంటుంది. కానీ రేసు రోజు కథ వేరు. బ్రండల్ అయిదుసార్లు మొదటి ముగ్గురిలో నిలిచి పోడియం ఎక్కాడు, 38 పాయింట్లు, చాంపియన్‌షిప్‌లో ఆరో స్థానం. ఆ ఏడాది బెల్జియంలోని స్పాలో జరిగింది వినండి. తడి ఆరుతున్న ట్రాక్. ఎప్పుడు తడి టైర్లు తీసేసి పొడి టైర్లు వేయాలన్నదే రేసంతా. షూమాకర్ ఒక మలుపులో ట్రాక్ బయటికి జారాడు, బ్రండల్ దాటేశాడు. ఇప్పుడు షూమాకర్ సరిగ్గా బ్రండల్ వెనక ఉన్నాడు, కళ్ళ ముందు బ్రండల్ వెనక టైర్లు. వాటి మీద బొబ్బలు లేచి ఉన్నాయి. తన టైర్లూ అదే స్థితిలో ఉండి ఉంటాయని లెక్కవేసుకుని వెంటనే పిట్‌లోకి వెళ్ళాడు. తర్వాత లెక్కంతా తారుమారైంది. షూమాకర్ మొదటి గెలుపు అది, ఆ తర్వాత ఇంకో 90 గెలిచాడు. ఆ మొదటిదానికి ఆధారం బ్రండల్ టైర్లు. బ్రండల్ నాలుగోవాడు. సీజన్ అయిపోగానే ఆయన్ని తీసేసి రికార్డో పత్రేసేని తెచ్చుకున్నారు.

ఇంకా చాలా ఉంది, త్వరగా చెప్పేస్తాను. 1994లో మెక్‌లారెన్ జట్టులో మికా హాకినెన్ పక్కన. అంటే యవ్వనంలో సెన్నా, తర్వాత షూమాకర్, తర్వాత హాకినెన్, ముగ్గురూ ప్రపంచ చాంపియన్లయినవాళ్ళే. మొత్తం తొమ్మిది పోడియంలు, అందులో రెండు రెండో స్థానాలు. 1996లో జోర్డన్ జట్టులో, మెల్‌బోర్న్ మొదటి లాప్‌లోనే కారు గాల్లోకి లేచి రెండు ముక్కలైంది. ఆయన ఆ ముక్కల్లోంచి బయటికొచ్చి, పిట్‌కి వెళ్ళి, డాక్టర్‌తో ఫరవాలేదనిపించుకుని, రెండో కారులో మళ్ళీ మొదలైన రేసుకి దిగాడు. ఆ ఏడాది చివర్లో సీటు పోయింది. 1997లో ఐటీవీ మైకు ఇచ్చింది.

ఇప్పుడు నా వాదనకి వస్తాను. ఈ మనిషి పాతికేళ్ళుగా కామెంటరీలో అందరికంటే బాగా చెప్పడానికి కారణం ఆ సున్నా. సున్నా ఉన్నా బాగా చెప్పాడని నేననడం లేదు, సున్నా ఉండబట్టే చెప్పగలిగాడంటున్నాను.

పుట్టుకతో వచ్చిన వేగం ఉన్నవాడికి తాను ఏం చేస్తున్నాడో చూసుకునే అవసరం పడదు. చెయ్యి, కాలు, కన్ను వాటంతటవే పని చేసుకుపోతాయి. మీ ఇంట్లో అద్భుతంగా పులుసు పెట్టే పెద్దావిడని చింతపండు ఎంత వేశారని అడిగి చూడండి. "తగినంత" అంటుంది. అబద్ధం కాదు, ఆవిడకి నిజంగా అంతే తెలుసు. ఆ రుచి రాక పదిసార్లు పాడుచేసుకున్న కోడలిని అడగండి, నిమ్మకాయంతకి కొంచెం తక్కువ, పాతదైతే ఇంకొంచెం తగ్గించాలని చెప్తుంది. పక్క కారు తనకంటే అరసెకను ఎందుకు వేగంగా పోతోందో పదమూడేళ్ళు బ్రండల్ రోజూ తేల్చుకోవాల్సి వచ్చింది. ప్రతి రేసు శనివారం ఇంజనీర్లు కాగితం మీద రెండు గీతలు ముందు పెడతారు. ఒకటి ఆయనది, ఇంకొకటి షూమాకర్‌ది. బ్రేక్ ఎక్కడ తొక్కాడు, ఎక్కడ వదిలాడు, గ్యాస్ ఎప్పుడు ఇచ్చాడు, అన్నీ మిల్లీమీటర్లలో కనిపిస్తాయి. ముందున్నవాడు ఆ కాగితం ఒకసారి చూసి పక్కన పడేస్తాడు. వెనకున్నవాడు ఇంటికి తీసుకెళ్తాడు.

స్కైలో బ్రండల్‌తో పాటు రేసుని ముక్కలు చేసి చూపించే ఇంకో ఇద్దరున్నారు. ఆంథనీ డేవిడ్‌సన్, ఫార్ములా వన్‌లో ఒక్క పాయింటు కూడా రాలేదు. మన చెన్నై కుర్రాడు కరుణ్ చందోక్, 11 రేసులు, పాయింట్లు సున్నా. పెద్ద టచ్ స్క్రీన్ మీద రెండు కార్ల వీడియోలు పక్కపక్కన పెట్టి వీళ్ళు తేడా చెప్తుంటే, పక్కన నిలబడ్డ ప్రపంచ చాంపియన్లు కూడా ఆసక్తిగా చూస్తుంటారు.

ఇక్కడ బావమరిది తరఫున నేనే ఒక అడ్డు ప్రశ్న వేసుకోవాలి. జేమ్స్ హంట్ సంగతేంటి? 1976 ప్రపంచ చాంపియన్. 1980 నుంచి 1993లో చనిపోయేదాకా బీబీసీలో కామెంటేటర్ ముర్రే వాకర్ పక్కన కూర్చుని, నచ్చనివాళ్ళని మొహమాటం లేకుండా ఏకేశాడు. ఆయన గొప్ప కామెంటేటరే. ఒప్పుకుంటాను. కానీ హంట్ ఇచ్చింది తీర్పులు. ఫలానావాడు అనవసరంగా అడ్డొస్తున్నాడు, ఫలానావాడు ఇంటికెళ్ళడం మంచిది, ఇలా. వినడానికి మహా సరదా. బ్రండల్ ఇచ్చేవి కారణాలు. తీర్పు చెప్పడానికి చాంపియన్ హోదా పనికొస్తుంది. కారణం చెప్పడానికి ఆ హోదాతో పని లేదు.

ఇంకో అడ్డు ప్రశ్న కూడా ఉంది, ఇది ఇంకా గట్టిది. ఓడినవాళ్ళు వందలమంది ఉన్నారు కదా, అందరూ బ్రండల్‌లు అయ్యారా? కాలేదు. ఓటమి పాఠం చెప్తుంది గానీ హోంవర్కు చేయించదు. ఈయన మైకు పట్టుకున్నాక కూడా స్టీరింగ్ వదల్లేదు. టీవీ కార్యక్రమాల కోసం కొత్త తరం కార్లు నడిపి చూశాడు. 2012లో, 53 ఏళ్ళ వయసులో, కొడుకు అలెక్స్‌తో కలిసి ఒకే కారులో లె మాన్స్‌కి వెళ్ళి పదిహేనో స్థానంలో ముగించాడు. అదే ఏడాది స్కైలో కామెంటరీ కూడా. ఏ వయసువాడికైనా మెడ పట్టేసే పని.

అన్నిటికంటే నన్ను కదిలించింది సుజుకా. 1994 నవంబరు, జపాన్, కుండపోత. డన్‌లప్ మలుపు దగ్గర ముందే జారిపోయిన ఒక కారుని ట్రాక్టర్‌తో తీస్తున్నారు. బ్రండల్ మెక్‌లారెన్ సరిగ్గా అక్కడే నీళ్ళ మీద తేలి అదుపు తప్పింది. ట్రాక్టర్ పక్కనుంచి పోయి అక్కడ పనిచేస్తున్న మార్షల్‌ని గుద్దింది. అతని కాలు విరిగింది. ఒక అడుగు అటో ఇటో అయితే బ్రండల్ తల ఆ ట్రాక్టర్ కిందికి పోయేది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2014 అక్టోబరు, అదే సుజుకా, అదే వాన, అదే చోటు. ఒక కారు జారింది, దాన్ని తీయడానికి యంత్రం వచ్చింది, మరుసటి లాప్‌లో జూల్స్ బియాంకి కారు వెళ్ళి ఆ యంత్రానికి గుద్దుకుంది. ఆ కుర్రాడు కోమాలోంచి బయటికి రాలేదు, తొమ్మిది నెలల తర్వాత పోయాడు. ఆ రోజు కామెంటరీ బాక్సులో బ్రండల్ ఉన్నాడు. ఆ యంత్రాల భయం, 1994 సంగతి ఆయన నోటి వెంట వింటుంటే గొంతులో కామెంటరీ లేదు. అక్కడ దాదాపు చచ్చిపోయిన మనిషి మాట్లాడుతున్నాడు. ఆ మాట చెప్పే అర్హత ఏ ట్రోఫీతోనూ రాదు.

ఇక ఆయన్ని అందరికీ తెలిసేలా చేసిన గ్రిడ్ నడక. 1997 సిల్వర్‌స్టోన్‌లో మొదలైంది. రేసుకి ముందు కార్ల మధ్య మైకుతో నడవడం, ఎవరు దొరికితే వాళ్ళని అడగడం. ముందస్తు ఒప్పందాలు ఉండవు. తిరస్కారాలన్నీ లైవ్‌లోనే. దీనిలో శిఖరం నా దృష్టిలో 2005 ఇండియానాపొలిస్. ఆ రేసుని నేను విజయవాడలో ఇంజనీరింగ్ హాస్టల్ టీవీ గదిలో, ఆదివారం రాత్రి పొద్దుపోయాక చూశాను. పదమూడో మలుపు ఏటవాలులో మిషెలిన్ టైర్లు నిలబడవని తేలి, ఆ టైర్లున్న 14 కార్లూ వార్మప్ లాప్ అవగానే గ్యారేజీల్లోకి వెళ్ళిపోయాయి. మిగిలింది ఆరు. ఆ ఆరింట్లో మన నారాయణ్ కార్తికేయన్ జోర్డన్ కారు ఒకటి! నాలుగో స్థానం, 5 పాయింట్లు. ప్రేక్షకులు ట్రాక్ మీదికి సీసాలు విసురుతుంటే మేం హాస్టల్లో బకెట్లు వాయించాం. ఒక సీనియర్ అన్న వచ్చి "ఏం గెలిచార్రా" అని అడిగితే "నాలుగోది అన్నా, ఆరింటిలో" అని చెప్పాం. ఆయన చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ రేసుకి ముందు బ్రండల్ గ్రిడ్ మీద ఏం చేశాడో లెస్టర్ వెళ్ళాక యూట్యూబ్‌లో చూశాను. ఫార్ములా వన్ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకున్న బెర్నీ ఎకిల్‌స్టన్‌ని పట్టుకుని వదల్లేదు. ఈ పరిస్థితి ఎందుకొచ్చింది, డబ్బు పెట్టి టికెట్ కొన్నవాళ్ళకి ఏం చెప్తారు అన్న ధోరణిలో ప్రశ్న మీద ప్రశ్న. ఎకిల్‌స్టన్ ముక్తసరిగా తప్పించుకోవాలని చూడటం, ఈయన పక్కనే నడుస్తూ మళ్ళీ అడగడం. మేం బకెట్లు వాయించిన రేసు గురించి ఆ మనిషి మా తరఫున కోప్పడ్డాడని తెలిసి కొంచెం సిగ్గేసింది కూడా.

ఈ మధ్య ఆ నడక నాకు అంతగా నచ్చడం లేదు. గ్రిడ్ నిండా సినిమావాళ్ళు, పాటగాళ్ళు. 2021లో ఆస్టిన్‌లో ఒక ర్యాపర్ అంగరక్షకుడు "అలా చేయకూడదు" అంటే "చేసేశాను కదా" అన్నది ప్రపంచమంతా తిరిగింది. 2022లో మయామీలో ఒక బాస్కెట్‌బాల్ కుర్రాణ్ణి పట్టుకుని అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు పాట్రిక్ మహోమ్స్ అనుకుని మాట్లాడాడు. నవ్వుకున్నాం, సరే. కానీ ఆ నిమిషాల్లో ఒక టైర్ ఇంజనీరుతో మాట్లాడి ఉంటే నాకు రేసంతా అర్థమయ్యేది. ఇది ఆయన తప్పనను, ఆ ఆటే అటువైపు పోయింది. స్కై మొత్తంగా బ్రిటిష్ డ్రైవర్ల వైపు కాస్త ఎక్కువ మొగ్గుతుందన్న ఫిర్యాదూ నాకుంది. బ్రండల్ దాంట్లో అందరికంటే తక్కువ దోషి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా ఈ, అంటే కరెంటు కార్ల రేసు జరిగింది, హుస్సేన్‌సాగర్ ఒడ్డున. నేను స్టాండ్‌లో ఉన్నాను. పక్కన ఒక పెద్దాయన మనవడితో వచ్చారు. "శబ్దమే లేదేంటి బాబూ, ఇది రేసేనా?" అన్నారు. ఆఖరి లాప్‌లలో జాన్ ఎరిక్ వెర్న్ ముందున్నాడు, వెనక నిక్ క్యాసిడీ తరుముతున్నాడు. చూసేవాళ్ళకి రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, అంతే. అసలు విషయం ఏమిటంటే వెర్న్ దగ్గర చార్జింగ్ తక్కువుంది. మలుపుకి ముందే కాలు తీసి కారుని దానంతటది జారనిస్తూ, ఆదా చేస్తూ, అదే సమయంలో దారి ఇవ్వకుండా అడ్డుకుంటూ గెలిచాడు. ఇది నేను పెద్దాయనకి తెలుగులో చెప్పడానికి తంటాలు పడ్డాను. "అంటే పెట్రోలు అయిపోతున్న బండితో ఇల్లు చేరినట్టా?" అన్నారు. సరిగ్గా అదే. ఆయన నాకంటే బాగా చెప్పారు. మన ఊళ్ళో, మన రోడ్డు మీద జరుగుతున్న రేసుకి ఆ ఒక్క వాక్యం స్పీకర్లలో తెలుగులో వినిపించి ఉంటే ఆ స్టాండంతా లేచి నిలబడేది.

బజ్జీల గొడవ జరిగిన నెలకి బావమరిదీ నేనూ ఊరి బయట ఒక కార్టింగ్ ట్రాక్‌కి వెళ్ళాం. తలా ఎనిమిది లాప్‌లు. ఇద్దరం ఒకేసారి బయల్దేరాం. మొదటి మలుపులోనే దాటేశాడు. ఇక అక్కణ్ణుంచి నా కళ్ళ ముందు వాడి వీపు తప్ప ఇంకేం లేదు. ఎంత తొక్కినా దగ్గరవుతాను, మలుపు రాగానే మళ్ళీ దూరమైపోతాడు. దిగాక చీటీ ఇచ్చారు. ఉత్తమ లాప్‌లో నాకంటే రెండు సెకన్ల పైనే వేగం.

"ఎలా కొట్టావురా?" అన్నాను హెల్మెట్ తీస్తూ.

"ఏమో బావా. తొక్కానంతే."

టీ తాగుతూ చీటీలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. వాడు తనదాన్ని రెండుసార్లు చూసి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి మళ్ళీ వాడే అడిగాడు. "ఇంకోసారి వస్తే ఇంకా తగ్గించొచ్చంటావా? ఆ పెద్ద మలుపు దగ్గర నేనెక్కడ బ్రేక్ వేస్తున్నానో ఏమైనా చూశావా?"

"ఎర్ర టైరు దాటాక," అన్నాను. "మొదటి అయిదు లాప్‌లూ అక్కడే. చివరి మూడూ ఇంకో రెండు టైర్లు ఆగి వేశావు. ఏడో లాప్‌లో మాత్రం కొంచెం తొందరపడ్డావు."